రాగక్క మూడు దెబ్బలు

రాగక్క ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో వెంట్రుక మొలవని తెల్లటి గీత. కొత్తవాళ్లు దాని వంక చూస్తే ఆమే చెప్పేస్తుంది: "తొమ్మిదేళ్లప్పుడు డీజిల్ ఇంజిన్ ముద్దు పెట్టింది." విన్నవాళ్లకి నవ్వాలో ఊరుకోవాలో తెలియదు.

వాళ్ల నాన్నకి మూడు డీజిల్ ఇంజిన్లుండేవి. వాగు ఒడ్డున ఒకటి, రెండు బావుల మీద రెండు. వాగు అవతలి పొలాలకి కరెంటు లైను ఎప్పుడూ రాలేదు కాబట్టి అక్కడ తడి కావాలంటే ఆ ఇంజిన్లే దిక్కు. ఇంజిన్ స్టార్టు చెయ్యాలంటే ఇనప హ్యాండిలు దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పి, అది అందుకోగానే హ్యాండిలు లాగెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఎదురు తిరిగి కొడుతుంది. తండ్రి ఒకరోజు పిల్లలిద్దరి చేతా తిప్పించాడు. పన్నెండేళ్ల కొడుకు తిప్పాడు. కూతురూ తిప్పింది గాని లాగలేకపోయింది. ఇనుము వచ్చి కనుబొమ్మ మీద పడింది. రక్తం కంట్లోకి కారుతూ ఉంటే తండ్రి దగ్గరికొచ్చి చూసి, చెంప మీద ఒకటిచ్చాడు. "ఏడుపు తర్వాత. ముందు అటు చూడు, ఇంజిన్ ఆగిపోయింది," అన్నాడు.

ఆ ఇంట్లో దెబ్బ కూడా మాటలాంటిదే. అన్నం ఆలస్యమైతే ఒక మాట, ఎదురు చెబితే రెండు మాటలు. తల్లికి ఆ భాష అర్థమయ్యేది గాని మాట్లాడడం వచ్చేది కాదు. కొడుకు మాత్రం పదిహేనేళ్లకే గడగడా నేర్చేసుకున్నాడు.

కూతురు ఇంకో విద్య నేర్చుకుంది. ఇంటి పక్క షెడ్డులో తండ్రి కాలిపోయిన మోటార్లకి వైండింగ్ చుట్టేవాడు. మాడిన తీగంతా ఊడబెరికి, కొత్త రాగితీగని అచ్చు మీద లెక్కగా చుట్టి, ఒక్కో గాడిలో దించి, దారంతో బిగించి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. ఒక్క చుట్టు తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. కొడుక్కి ఆ ఓపిక లేదు, తీగ చిక్కుపడితే తెంపి పారేసేవాడు. కూతురు పెదవులు కదలకుండా లెక్కపెట్టుకుంటూ చుట్టేది. అలా ఆమెకి రాగక్క అని పేరు పడింది. పాడమని ఎవరైనా వేళాకోళం చేస్తే, "నాకు రాగం రాదు, రాగే వచ్చు," అనేది.

ఆమెని ఒక టైలరుకిచ్చి పెళ్లి చేశారు. మనిషి సన్నగా, గొంతు అంతకన్నా సన్నగా ఉంటాడు. షెడ్డుకి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకున్నాడు. ఆయన దారం చుడతాడు, ఆమె తీగ చుడుతుంది, ఇంట్లో ఇక చిక్కులేముంటాయి అనేవాళ్లు ఇరుగుపొరుగు. చాలా ఏళ్లు లేవు కూడా.

తండ్రి పోయాక ఇంజిన్లు అన్నకొచ్చాయి, షెడ్డు చెల్లెలికి మిగిలింది. అన్న ఎక్కడికి వెళ్లినా భుజం మీద ఆ ఇనప హ్యాండిలు ఉండేది. అందుకే అందరూ హ్యాండిలన్న అనేవాళ్లు, ముందర గౌరవంగా, వెనక పళ్లు కొరుకుతూ. ఎవరి చేనుకి ఎప్పుడు నీళ్లు వదలాలో అతని ఇష్టం. దండం పెట్టినవాడికి ముందు, ఎదురు మాటన్నవాడికి ఆఖర్న. మొక్కజొన్న పాలు పోసుకునే వారంలో తడి ఆపేస్తే ఏమవుతుందో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక వేసవిలో టమాటా పండించే ఒక రైతు, అన్న తన వంతు రెండుసార్లు తప్పించాడని, అతను అన్నానికెళ్లిన సమయంలో తనే ఇంజిన్ తిప్పి చేనుకి నీళ్లు పెట్టుకున్నాడు. అన్న తిరిగొచ్చి చూశాడు. వెనకనించి వెళ్లి హ్యాండిలుతో కుడి భుజం మీద కొట్టాడు. అతను కాలవలో బోర్లా పడితే మెడ మీద కాలు పెట్టి, "తాగు, నీ నీళ్లే కదా, తాగు," అంటూ బురదలోకి తొక్కాడు. మోటారు పట్టుకుని అటు వెళ్తున్న రాగక్క ఇదంతా చూసింది. అన్నని నెట్టేసి, ఆ రైతుని భర్త స్కూటరు మీద ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది కూడా ఆమే.

అక్కడ డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. రైతు ఆమె ముఖం వంక చూశాడు. ఆమె గోడ వంక చూసింది.

"గట్టు మీంచి జారిపడ్డాడండీ," అంది.

ఎముక అతికింది గాని సరిగ్గా అతకలేదు. ఆ తర్వాత అతన్ని అందరూ వంకరభుజం అనే పిలిచారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా రాగక్క తీగ లెక్క తప్పేది.

మూడేళ్లు గడిచాయి. పొలాలకి సోలార్ పంపులిస్తున్నారని, బిగించడం వచ్చిన మనుషులు కావాలని కబురొచ్చింది. పట్నంలో పన్నెండు రోజుల శిక్షణ. అక్కడ ముప్పైమంది మగాళ్ల మధ్య ఆమె ఒక్కతే ఆడది. మొదటి రోజే మాస్టారు ఒక సోలార్ పలకని ఎండలో నిలబెట్టి ఇలా చెప్పాడు: "ఇంజిన్ని ఆపొచ్చు, కరెంటు లైన్ని ఆపొచ్చు. దీన్ని ఆపలేరు. స్విచ్ కడితే మోటారు ఆగుతుంది, అంతే. పలక నించి కంట్రోలు పెట్టె దాకా వచ్చే తీగలో, ఎండ ఉన్నంతసేపు కరెంటు ఉంటూనే ఉంటుంది. పట్టుకుంటే మిమ్మల్ని వదలదు."

తిరిగొచ్చి ఆమె మొదటి పంపు వంకరభుజం చేనులోనే బిగించింది. అది ఆమె కావాలనే చేసింది. ఇనప స్టాండు మీద పలకలు, కింద గొడుగంత నీడలో కంట్రోలు పెట్టె, బావిలోకి పైపు. పొద్దున తొమ్మిదికి స్విచ్ వేసింది. చుట్టూ మూగినవాళ్లు చప్పుడు కోసం ఎదురుచూస్తున్నారు. చప్పుడు రాలేదు. నీళ్లొచ్చాయి. వంకరభుజం పైపు కింద ఎడమ చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. అతని భార్య మాత్రం, "ఇది ఇంత నోరు మూసుకుని పనిచేస్తుందా, మా ఆయనకి అక్క అయ్యుంటుంది," అంది. అందరూ నవ్వారు. వాగు దగ్గర అన్న ఇంజిన్ డగడగమంటూనే ఉంది.

నెల తిరిగేసరికి నాలుగు చేలల్లో పలకలు లేచాయి. అన్న ఇంజిన్లలో ఒకటి మూతపడింది.

ఒక మధ్యాహ్నం అతను షెడ్డుకి వచ్చాడు. భుజం మీద హ్యాండిలు.

"ఏమే, ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు?"

"మోటార్లు బిగిస్తున్నా."

"నా నోట్లో మట్టి కొడుతున్నావు."

"వాళ్ల చేనుకి వాళ్లు నీళ్లు పెట్టుకుంటున్నారన్నా. నీ నోటికీ దానికీ ఏం సంబంధం?"

ముందు గదిలోంచి టైలరు లేచొచ్చాడు, మెళ్లో కొలతల టేపు వేలాడుతూ. "బావగారూ, ముందు కూర్చోండి. కూర్చుని మాట్లాడుకుందాం."

అన్న అతని నోటి మీద పిడికిలితో గుద్దాడు. తల వెళ్లి తలుపుకి కొట్టుకుంది. టైలరు కింద పడేలోపే అన్న అతని మెళ్లో టేపు దొరకబుచ్చుకుని మెలితిప్పాడు. టైలరు కాళ్లు కొట్టుకుంటున్నాయి, ఆ తన్నులకి మిషను పక్కకి ఒరిగింది, ముఖం నీలంగా మారుతోంది. రాగక్క బల్ల మీది చెక్కసుత్తి తీసి అన్న చెవి పక్కన ఆనించింది.

"వదులు. వదలకపోతే ఇక్కడే పగలగొడతా."

అతను టేపు వదిలేసి, చెల్లెలి ముఖంలోకి చాలాసేపు చూసి, నవ్వాడు. "నాన్న పోలికే," అన్నాడు. వెళ్తూ వెళ్తూ హ్యాండిలుతో, ఆమె అంతకుముందే చుట్టి పెట్టిన వైండింగుని కుళ్లబొడిచాడు.

టైలరుకి ముందు పన్ను ఊడింది, పెదవికి కుట్లు పడ్డాయి. డాక్టరు అడిగితే, "మెట్ల మీద జారానండీ," అన్నాడు.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "ఎందుకలా చెప్పారు?"

"మీ ఇంట్లో అలాగే చెప్పాలనుకున్నా," అన్నాడాయన, పెదవి మీద చేతిరుమాలు అదిమిపెట్టుకుని. ఆయన అది దెప్పడానికి అన్నాడో మామూలుగా అన్నాడో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి వారం వంకరభుజం కబురు చేశాడు, నీళ్లు సన్నగా వస్తున్నాయని. వెళ్లి చూస్తే పలకల మీద వేలు మందాన దుమ్ము. తడిగుడ్డతో తుడుస్తుంటే ధార లావెక్కింది. పదకొండు దాటింది, ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. అప్పుడే ట్రాక్టరు గట్టు దిగి చేనులోకి వచ్చింది. టమాటా మొక్కల మీంచే వచ్చింది. అన్న, అతనితో ఇద్దరు మనుషులు. చేతుల్లో గునపాలు. అన్న దగ్గర హ్యాండిలుతో పాటు గొడ్డలి.

వంకరభుజం అడ్డం వెళ్లాడు. ఒక మనిషి గునపం మొనతో అతని కడుపులో పొడిచినట్టే నెట్టాడు. అతను రెండుగా మడుచుకుని కూలబడ్డాడు. భార్య అరుస్తూ వచ్చి ఆ మనిషి చేతిని కొరికింది. వాడు ఆమెని జుట్టు పట్టుకుని ఈడ్చి మొక్కల్లోకి విసిరేశాడు. అన్న అప్పటికే స్టాండు దగ్గరికి చేరాడు. హ్యాండిలు ఎత్తి మొదటి పలక మీద దించాడు. అద్దం పగిలి ఊడిపడలేదు, లోపలే వెయ్యి ముక్కలై తెల్లబడింది. అతనికి కోపం ఇంకా పెరిగింది. రెండోదాని మీద, మూడోదాని మీద బాదాడు. చిన్న గాజుపొడి ఎగిరి రాగక్క ముఖం మీద పడింది.

రెండో మనిషి పెట్టె దగ్గరికి వెళ్లి స్విచ్ కట్టాడు. ధార ఆగిపోయింది.

"చచ్చిందన్నా," అని కేకేశాడు.

"అది చావలేదు," అంది రాగక్క. "అన్నా, తీగ జోలికి పోకు. స్విచ్ కట్టినా అందులో కరెంటుంది. ఎండ ఉన్నంతసేపు ఉంటుంది. నా మాట విను."

అతను ముప్పై ఏళ్లుగా ఇంజిన్లు ఆపినవాడు. ఆపితే ఆగిపోయినవే చూశాడు. "నాకు నేర్పుతున్నావా," అంటూ స్టాండు మీంచి పెట్టెకి దిగే తీగల జతని గొడ్డలితో నరికాడు. ఫట్‌మని నీలంగా వెలిగింది. గొడ్డలి అంచు కరిగి, చేతిలోంచి ఎగిరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే బతుకంతా ఇంకోలా ఉండేదేమో. కాని అందరి ముందూ చేతిలో ఆయుధం ఎగిరిపోయిన సిగ్గుకి అతను వెర్రెత్తిపోయాడు. వేలాడుతున్న రెండు తీగల్నీ కలిపి, చెమట పట్టిన కుడి పిడికిట్లో పట్టుకుని, పీకెయ్యబోయాడు.

పిడికిలి మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు.

నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. మోచెయ్యి దాకా గడగడలాడుతోంది. వేళ్ల సందుల్లోంచి పొగ, కాలిన తోలు వాసన. వెంట వచ్చిన ఇద్దరూ గునపాలు అక్కడే పడేసి ట్రాక్టరు వైపు పరుగెత్తారు.

రాగక్క చుట్టూ చూసింది. పాదు దగ్గర పార ఉంది, పొడుగు కర్ర, ఎండకి ఎండి గలగలలాడుతోంది. ఇనపవైపు పట్టుకోకుండా చూసుకుని ఎత్తింది. అన్న మణికట్టుకి పైన, గురి చూసి, ఒక్కటి వేసింది. చెయ్యి తీగల్ని వదిలేసింది. అతను వెల్లకిలా పడ్డాడు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. బతికాడు.

అక్కడితో ఆపొచ్చు. ఆమె ఆపలేదు. రెండో దెబ్బ అదే చేతి మీద వేసింది, ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. మూడోది భుజం మీద, కుడి భుజం మీద, చోటు చూసి మరీ వేసింది. నాలుగోదానికి కర్ర ఎత్తేసరికి వంకరభుజం భార్య మొక్కల్లోంచి లేచొచ్చి నడుం పట్టుకుంది.

"చాలక్కా. చాలు. ఇక చాలు."

వంకరభుజం కడుపు పట్టుకుని వచ్చి, బాగున్న చేత్తో ఆమె చేతిలోంచి పార తీసుకున్నాడు. అతని కళ్లలో కృతజ్ఞత ఉందేమోనని ఆమె చూసింది. భయం ఉంది.

అన్నని ఆస్పత్రికి తీసుకెళ్లింది కూడా ఆమే. ఈసారి పోలీసు వచ్చాడు, నడివయసు మనిషి, కాగితం మీద నెమ్మదిగా రాసుకున్నాడు.

"ఎన్ని దెబ్బలు కొట్టావమ్మా?"

"మూడు. మొదటిది కరెంటు నించి విడిపించడానికి."

"మిగతా రెండూ?"

"అవి నావి."

అతను కలం ఆపాడు. "అలా రాస్తే నీ మీద కూడా కేసు అవుతుంది. మూడూ విడిపించడానికే అని చెప్పు, పోతుంది."

"ఉన్నదే రాయండి. ఇంకోటి కూడా రాయండి, పాతది. మూడేళ్ల క్రితం ఒకాయన గట్టు మీంచి జారాడని నేనే చెప్పాను. జారలేదు. మా అన్న కొట్టాడు, నేను కళ్లారా చూశాను. మొన్న మా ఆయన కూడా మెట్ల మీద జారలేదు."

పక్కనే ఉన్న టైలరు తల దించుకున్నాడు. తర్వాత అతనూ చెప్పాడు. వంకరభుజం చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

అన్నకి జైలు పడింది. ఆమెకి ఏడాదిపాటు వారంవారం స్టేషనుకి వెళ్లి సంతకం పెట్టాలన్నారు. వెళ్లి పెట్టేది. కొంతమంది రైతులు చప్పట్లు కొట్టినంత పనిచేశారు, "భలే ఇచ్చావు రాగక్కా," అని. ఆమె వాళ్ల చేలకి ఆలస్యంగా వెళ్లేది. షెడ్డులో కూర్చుంటే చుట్టు లెక్క అందేది కాదు. నలభై అనుకున్నచోట ముప్పై ఎనిమిది ఉండేవి, విప్పి మళ్లీ చుట్టేది.

ఒకరోజు భర్తతో అంది. "ఆ రెండు దెబ్బలూ కొడుతుంటే హాయిగా ఉందండీ. అదే నన్ను తినేస్తోంది."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "మీ నాన్నకీ అలాగే ఉండేదేమో," అన్నాడు. కాసేపటికి లేచొచ్చి పక్కన కూర్చున్నాడు. అంతకుమించి ఓదార్చడం ఆయనకి రాదు.

ఆయన చేసిన పని ఇంకోటి ఉంది. మందపాటి నల్లగుడ్డతో, పలకలన్నీ కప్పేంత పెద్ద ముసుగులు కుట్టాడు, మూలల్లో తాళ్లతో సహా. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే ముందు ఇది కప్పండి, చీకటైతే కరెంటు చస్తుంది అని రాగక్క ప్రతి చేనులోనూ చూపించి వచ్చింది.

ఇంజిన్ల చప్పుడు తగ్గినంత మాత్రాన పొలాల్లో తన్నులాటలు తగ్గలేదు. నీళ్లు ఊరికే వస్తున్నాయని పొద్దుగూకులూ తోడేవాళ్లు, బావులు లోతుకి పోయాయి. ఒక గట్టుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు తోడల్లుళ్లు, నీ పంపు నా ఊట పీల్చేస్తోందంటే కాదు నీదేనని, పారలు ఎత్తుకున్నారు. రాగక్క మధ్యలోకి వెళ్తే ఒకడి పార కర్ర ఆమె మోచేతి మీద పడింది. ఎముక విరగలేదు, చెయ్యి వాచింది. ఆమె వాడి చేతిలోంచి పార లాక్కుంది. లాక్కున్నాక అది చేతిలో ఎంత తేలిగ్గా ఉందో తెలిసింది. గట్టవతలికి విసిరేసింది. రెండు చేలల్లోనూ పలకల మీద నల్ల ముసుగులు కప్పేసి, "మీరిద్దరూ వంతులు ఒప్పుకునేదాకా ఇవి తియ్యను," అని స్టాండు కింద కూర్చుంది. మూడోరోజు ఒప్పుకున్నారు, ఆమెని తిట్టుకుంటూనే.

వర్షాలకి ముందు వదిన షెడ్డుకి వచ్చింది. అన్న జైలుకి వెళ్లాక ఆమె ఈ గుమ్మం తొక్కడం అదే మొదలు. తిట్టడానికి వచ్చిందనుకుని రాగక్క లేచి నిలబడింది.

"వాగు ఒడ్డు చేనుకి ఒక పంపు బిగించు," అంది వదిన.

"అన్నయ్య వచ్చాక అడిగి..."

"ఆయన వచ్చేసరికి పారుతూ ఉండాలి. ఇంజిన్ తిప్పడం నా వల్ల కాదు." వదిన ఎడమ చెయ్యి చాపింది. ఉంగరం వేలు మధ్య కణుపు దగ్గర పక్కకి తిరిగిపోయి ఉంది. "ఇన్నేళ్లూ నా పక్కన కూర్చుని తిన్నావు. ఇది ఎలా విరిగిందో ఒక్కసారి కూడా అడగలేదు నువ్వు."

రాగక్క మర్నాడే వెళ్లి పని మొదలుపెట్టింది. పాత ఇంజిన్ని గద్దె మీంచి ఊడదీయడానికి ఇద్దరికీ ఒక పూట పట్టింది. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. వదిన ఆ వంకర వేలితోనే స్పానర్ పట్టుకుంది.

అన్న పదినెలలకి బయటికొచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లు మడత పడవు, అరచేయి కాలినచోట తోలు మెరుస్తూ బిగదీసుకుపోయింది. ఇంటికి వెళ్లకుండా నేరుగా వాగు ఒడ్డుకే వచ్చాడు. రాగక్క అప్పుడు అక్కడ స్టాండు బోల్టులు బిగిస్తోంది. ఇంజిన్ ఉండాల్సిన గద్దె వంక చూశాడు. పలకల వంక చూశాడు. ఎడమచేత్తో ఒక రాయి తీశాడు. వదిన వచ్చి పలకలకీ అతనికీ మధ్య నిలబడింది. పక్కకి తప్పుకోలేదు.

"నన్ను చంపుదామనుకున్నావు," అన్నాడు చెల్లెలితో, భార్య భుజం మీంచి.

"మొదటి దెబ్బకి కాదు," అంది రాగక్క.

రాయి చాలాసేపు అతని చేతిలోనే ఉంది. చివరికి వాగులో పడేసి, గట్టు మీద నడుచుకుంటూ ఇంటివైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోలేదు. అతను వదినని మళ్లీ కొట్టాడా అని రాగక్క ఇప్పుడు వారానికొకసారి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, అతనికి వినిపించేలాగే అడిగి వస్తుంది. ఒకసారి, "కొట్టాడు," అంది వదిన. ఆరోజు ఇద్దరూ కలిసి స్టేషనుకి వెళ్లారు.